ఓడితే ఏమవుతుంది? ఆన్‌లైన్ కార్డ్ గేమ్ టోర్నమెంట్ ఎంచుకునే ముందు

మ్యాజిక్, హార్త్‌స్టోన్, పోకెమాన్ లాంటి, కార్డులు సేకరించి సొంత కట్ట (డెక్) కట్టుకుని ఆడే ఆటల్లో టోర్నమెంట్ల పేజీ తెరిస్తే ముందు కంట్లో పడేది మొదటి బహుమతి. కొత్తలో నేనూ అది చూసే చేరేవాణ్ణి. రెండు వారాలు రోజూ ఆడి కూడబెట్టిన గోల్డ్ (ఆటలోని నాణేలు) అంతా ఒక ఎనిమిది మంది నాకౌట్‌లో పోశాను. మొదటి మ్యాచ్‌లోనే చేతికి పనికొచ్చే కార్డు రాలేదు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాను. గోల్డ్ పోయినందుకు అంత బాధ లేదు కానీ, ఆ సాయంత్రమంతా ఆడుకోవాలని కూర్చున్నవాణ్ణి ఖాళీగా స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను.

అప్పట్నుంచి బహుమతుల పట్టికని కింది నుంచి పైకి చదువుతున్నాను. ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోతే ఏమొస్తుంది? ఒకటి ఓడితే ఇంకా ఆడనిస్తారా? రెండోది కూడా ఓడితే? టోర్నమెంట్ రకాలు ఎన్నున్నా, వాటి మధ్య అసలు తేడా తేలేది ఈ ప్రశ్నల దగ్గరే. కాబట్టి ఇక్కడ పోలిక కూడా అదే వరసలో చేస్తున్నాను.

తాడో పేడో: నాకౌట్

లెక్క తేలిక. ఎనిమిది మంది, మూడు రౌండ్లు, మొత్తం ఏడు మ్యాచ్‌లు. మొదటి రౌండ్ అయ్యేసరికి సగం మంది వెళ్ళిపోతారు. సగటు తీస్తే ఒక్కొక్కరికి దక్కేది రెండు మ్యాచ్‌లకన్నా తక్కువే. అందరూ సమ ఉజ్జీలైతే మీరు గెలిచే అవకాశం ఎనిమిదింట ఒకటి.

సరే, మీరు మిగతావాళ్ళకన్నా మెరుగు, ప్రతి మ్యాచ్ గెలిచే అవకాశం మీకు 60 శాతం ఉందనుకుందాం. ఈ ఆటల్లో అది చిన్న విషయమేమీ కాదు. అయినా వరసగా మూడు గెలిచే అవకాశం 21.6 శాతమే. అంటే ఐదుసార్లు చేరితే దాదాపు నాలుగుసార్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. డెక్ కలిపాక పైకి ఏ కార్డు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు కదా, అందుకే నాకౌట్ ఇక్కడ చదరంగంలోకన్నా నిర్దయగా ఉంటుంది.

దీన్లో మంచి కూడా ఉంది. త్వరగా తేలిపోతుంది. గంటా గంటన్నర సమయమే ఉండి, ఓడితే లేచి వేరే పని చూసుకోగలిగినవాళ్ళకి ఇంతకన్నా సూటి పోటీ లేదు. బహుమతులు మాత్రం పైవాళ్ళ చేతుల్లోనే పోగవుతాయి, అది తెలిసే దిగాలి.

నాకౌట్‌కే ఒక మెత్తటి రూపం డబుల్ ఎలిమినేషన్. ఒకసారి ఓడితే కింది వరసలోకి దిగుతారు, రెండోసారి ఓడితేనే బయటికి. ఎనిమిది మందికి 14 మ్యాచ్‌లు, ఫైనల్లో కింది నుంచి వచ్చినవాళ్ళు గెలిస్తే మరొకటి కలిపి 15. న్యాయంగానే ఉంటుంది కానీ కింది వరసలో పడ్డవాళ్ళకి మ్యాచ్ మీద మ్యాచ్, ఊపిరాడదు. అందరూ అందరితో ఆడే రౌండ్ రాబిన్‌కి ఎనిమిది మందికే 28 మ్యాచ్‌లు కావాలి. స్నేహితుల మధ్య వారాల తరబడి ఆడుకోవడానికి బాగుంటుంది, ఒక్క రోజు టోర్నమెంట్‌కి పనికిరాదు.

స్విస్: ఓడినా కుర్చీ పోదు

1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో జరిగిన ఒక చదరంగం పోటీలో మొదటిసారి వాడిన పద్ధతి ఇది, పేరూ అక్కణ్ణుంచే. సూత్రం ఒక్కటే: ప్రతి రౌండ్‌లో మీకు ఎదురయ్యేది అప్పటికి మీ అంత స్కోరు ఉన్నవాళ్ళు. రెండు గెలిస్తే రెండు గెలిచినవాళ్ళతో, రెండూ ఓడితే రెండూ ఓడినవాళ్ళతో. ఎవర్నీ మధ్యలో పంపించరు. కార్డ్ ఆటల్లో సాధారణంగా గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా.

ఎనిమిది మంది స్విస్‌లో మూడు రౌండ్లకి మొత్తం 12 మ్యాచ్‌లు. డ్రాలు లేకపోతే చివరికి మూడూ గెలిచింది ఒక్కరు, రెండు గెలిచినవాళ్ళు ముగ్గురు, ఒకటి గెలిచినవాళ్ళు ముగ్గురు, ఏదీ గెలవనివాళ్ళు ఒక్కరు. నాకౌట్‌లో నలుగురు ఒక్క మ్యాచ్‌తో లేచిపోయిన చోట, ఇక్కడ అందరూ మూడు ఆడారు, ఏడుగురు కనీసం ఒకటి గెలిచారు. అదే ఎంట్రీ ఫీజుకి ఎక్కువ ఆట. పైగా రెండు ఓడాక ఎదురయ్యేవాళ్ళు కూడా ఓడినవాళ్ళే కాబట్టి పోటీ మీ స్థాయికి దిగుతుంది. నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి బడి లేదని నా అభిప్రాయం.

పెద్ద టోర్నమెంట్లలో కథ కొంచెం మారుతుంది. స్విస్ రౌండ్లు అయ్యాక పై ఎనిమిది మందిని తీసుకుని నాకౌట్ పెడతారు. దీన్నే టాప్ కట్ అంటారు. 64 మంది, ఆరు రౌండ్లు అనుకోండి. ఆరూ గెలిచేది ఒక్కరు, ఐదు గెలిచేవాళ్ళు ఆరుగురు. అంటే ఏడు చోట్లు నిండిపోయాయి. నాలుగు గెలిచి రెండు ఓడినవాళ్ళు 15 మంది ఉంటారు, మిగిలింది ఒక్క చోటు. మొత్తంమీద ఒక ఓటమిని స్విస్ క్షమిస్తుంది, రెండోదాన్ని దాదాపుగా క్షమించదు.

ఆ ఒక్క చోటు ఎవరిదో తేల్చేది టై బ్రేకర్. చాలా ఆటల్లో ముందు చూసేది మీతో ఆడినవాళ్ళు ఎంత శాతం మ్యాచ్‌లు గెలిచారన్నది. చాలామంది గమనించని కిటుకు ఇక్కడుంది. మొదటి రౌండ్‌లోనే ఓడితే ఆ తర్వాత మీరు ఆడేది కింది గుంపులో, వాళ్ళు ఇంకా ఓడుతూ పోతారు, మీ టై బ్రేకర్ కూడా వాళ్ళతో పాటే పడిపోతుంది. నాలుగు వరసగా గెలిచి చివర్లో రెండు ఓడినవాళ్ళు ఆడింది గట్టివాళ్ళతో. స్కోరు ఒకటే అయినా వాళ్ళే ముందుంటారు. మొదటి రెండు రౌండ్లలో రెండూ ఓడి, మిగతా నాలుగూ గెలిచి, దింపుడు కళ్ళం ఆశతో పట్టిక చూస్తూ కూర్చోవడం నాకు రెండుసార్లు అనుభవం. రెండుసార్లూ పదో స్థానం దాటలేదు.

స్విస్‌తో అసలు ఇబ్బంది సమయం. ఒక్కో రౌండ్ యాభై నిమిషాలు అనుకుంటే ఆరు రౌండ్లకే ఐదు గంటలు. ఆ పైన టాప్ కట్ మూడు రౌండ్లు. మీ మ్యాచ్ పావుగంటలో అయిపోయినా, అందరిదీ అయ్యేదాకా తర్వాతి రౌండ్ మొదలవదు. చివరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అలసిపోయి చేసే తప్పులకే టాప్ కట్‌లో ఎక్కువమంది ఓడతారని నా అనుమానం.

మూడు ఓటముల దాకా ఆట

పైన చెప్పినవాటికి అందరూ ఒకే సమయానికి హాజరవ్వాలి. ఆన్‌లైన్ ఆటలు ఆ బాధ తప్పించడానికి కనిపెట్టిన పద్ధతి ఇది. మీకు తోచినప్పుడు చేరతారు, మీ అంత స్కోరున్న ఎవరో ఒకరు ఆ క్షణాన దొరుకుతారు, ఇన్ని గెలిచేదాకా లేదా ఇన్ని ఓడేదాకా ఆడతారు. మధ్యలో ఆపి రేపు కూడా కొనసాగించొచ్చు. 2014లో వచ్చిన హార్త్‌స్టోన్ అరీనా అనే తన పోటీతో దీన్ని చాలామందికి అలవాటు చేసింది: అప్పట్లో 12 గెలుపులు లేదా 3 ఓటములు, ఏది ముందొస్తే అది. మ్యాజిక్ ఆటకి ఆన్‌లైన్ రూపమైన మ్యాజిక్ అరీనాలో ప్రీమియర్ డ్రాఫ్ట్, క్విక్ డ్రాఫ్ట్ (డ్రాఫ్ట్ అంటే ప్యాక్‌ల్లోంచి కార్డులు ఏరుకుని డెక్ కట్టడం, వివరం కింద చెప్తాను) రెండింటికీ 7 గెలుపులు లేదా 3 ఓటములు.

చూడ్డానికి ఎంతో ఉదారంగా కనిపిస్తుంది. మూడు ప్రాణాలున్నట్టే కదా! కానీ కాగితం మీద లెక్క వేస్తే మత్తు దిగుతుంది. ప్రతి ఆటా గెలిచే అవకాశం సరిగ్గా సగం ఉన్న ఆటగాడు ఏడు గెలుపులకి చేరేది నూటికి 9 సార్లు. రెండు గెలుపులు, అంతకన్నా తక్కువతో బయటికొచ్చేది సరిగ్గా నూటికి 50 సార్లు. పన్నెండు గెలుపుల పద్ధతిలోనైతే చివరిదాకా వెళ్ళేది దాదాపు 155 ప్రయత్నాల్లో ఒకసారి. గెలుపు శాతం 60కి పెరిగితే ఏడు గెలుపుల అవకాశం 23 శాతానికి ఎగబాకుతుంది. కొద్దిపాటి నైపుణ్యానికి ఈ పద్ధతి పెద్ద ఫలితమే ఇస్తుంది. నైపుణ్యం తక్కువైతే శిక్ష కూడా అంతే పెద్దది.

ఇప్పుడు పట్టికని కింది నుంచి చదవండి. ప్రీమియర్ డ్రాఫ్ట్‌కి ఎంట్రీ 1,500 జెమ్స్ (ఆటలోని మరో రకం నాణేలు) లేదా 10,000 గోల్డ్. ఏమీ గెలవకపోతే 50 జెమ్స్, ఒకటి గెలిస్తే 100, రెండు గెలిస్తే 250. మూడో గెలుపు దగ్గర ఒక్కసారిగా 1,000కి లేస్తుంది. ఏడుకి 2,200. ఈ పట్టికలో అతి ఖరీదైన గెలుపు ఏడోది కాదు, మూడోది. సగం సగం ఆటగాడికి సగటున తిరిగొచ్చేది దాదాపు 820 జెమ్స్. వీటికి తోడు కొన్ని ప్యాక్‌లు, డ్రాఫ్ట్‌లో ఏరుకున్న కార్డులు. క్విక్ డ్రాఫ్ట్‌కి ఎంట్రీ సరిగ్గా సగం, 750 జెమ్స్ లేదా 5,000 గోల్డ్. అక్కడ బహుమతి మెట్లు అంత నిటారుగా ఉండవు, ఒకటి అటూ ఇటూ అయినా గుండె ఆగదు. ఈ అంకెలు ఆట నడిపేవాళ్ళు ఎప్పుడైనా మార్చొచ్చు కాబట్టి చేరే ముందు స్క్రీన్ మీద ఉన్నదే చూడండి. చదవాల్సిన పద్ధతి మాత్రం మారదు.

ఒక చిన్న ఉపాయం. గోల్డ్ రోజూ ఆడితే వస్తుంది, జెమ్స్ చాలావరకు కొనుక్కోవాల్సిందే. గోల్డ్‌తో చేరి జెమ్స్ గెలుచుకోవడమంటే ఊరికే వచ్చినదాన్ని కొనాల్సినదానిగా మార్చుకోవడమే. సగటున కొంత పోగొట్టుకునేవాళ్ళకి కూడా ఇది నష్టం కాదు. జెమ్స్‌తోనే చేరుతున్నారా, అప్పుడు దాన్ని సంపాదన అనుకోకండి, సరదా ఖర్చు అనుకోండి.

ఇదే కుటుంబంలో ఓర్పుగలది లీగ్. వేరే ఆటల్లో లీగ్ అంటే అందరూ అందరితో ఆడటం, ఇక్కడ కాదు. 2002 నుంచి నడుస్తున్న, మ్యాజిక్‌కే మరో ఆన్‌లైన్ రూపమైన మ్యాజిక్ ఆన్‌లైన్‌లో సొంత డెక్‌తో ఆడే లీగ్ అంటే ఐదు మ్యాచ్‌లు, మీకు వీలున్నప్పుడు ఒక్కోటి. ముఖ్యమైన సంగతి: మొదటి మూడూ ఓడినా మిగతా రెండు ఆడనిస్తారు. కొత్త డెక్ పరీక్షించేవాళ్ళకి ఇదొక వరం, ఎందుకంటే ఐదు మ్యాచ్‌ల అనుభవం ఖాయంగా దొరుకుతుంది.

ఒక్క ఆటా, మూడాటలా?

టోర్నమెంట్ పేరు పక్కన చిన్నగా రాసి ఉండే ఈ సంగతి బహుమతికన్నా ముఖ్యం. మ్యాచ్‌ని ఒక్క ఆటతో తేల్చేవి కొన్ని, మూడు ఆటల్లో రెండు గెలవాల్సినవి కొన్ని. ఒక ఆటలో 55 శాతం గెలిచేవాళ్ళు మూడాటల మ్యాచ్‌లో 57.5 శాతం గెలుస్తారు. 60 అయితే 64.8. తేడా తక్కువలా ఉంది కానీ రౌండ్లు పెరిగేకొద్దీ పోగవుతుంది. ఇందాకటి ఎనిమిది మంది నాకౌట్‌లో 60 శాతం ఆటగాడి అవకాశం 21.6 అన్నాను కదా, అదే మూడాటల పద్ధతిలో 27 శాతం దాటుతుంది.

అంకెలకన్నా పెద్ద తేడా సైడ్‌బోర్డ్. మ్యాజిక్‌లో 60 కార్డుల డెక్‌తో పాటు 15 కార్డులు పక్కన ఉంచుకుని, మొదటి ఆట అయ్యాక ఎదుటి డెక్‌కి విరుగుడుగా మార్చుకోవచ్చు. ఒక్క ఆట పద్ధతిలో ఆ అవకాశం ఉండదు, ఎదురు రాబోయేదేదో తెలియకుండా ముందే అన్నిటికీ సిద్ధపడాలి. అందుకే వేగంగా దాడి చేసే డెక్‌లు ఒక్కాట పోటీల్లో ఎక్కువగా కనిపిస్తాయి. మ్యాజిక్ అరీనా ఒక్కాట మ్యాచ్‌లలో మొదటి చేతిని (ఆట మొదట్లో ఇచ్చే కార్డులని) ఇచ్చేటప్పుడు ఒకటికి మించి చేతులు తీసి, మీ డెక్‌లోని ల్యాండ్ల (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే కార్డుల) నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఇస్తుంది కూడా. ఒక్కాటలో బాగా నడిచిన డెక్ మూడాటల్లో తడబడితే మీ తప్పే అనుకోనక్కర్లేదు.

సైడ్‌బోర్డ్ లేని ఆటలు వేరే దారి పట్టాయి. హార్త్‌స్టోన్ పోటీల్లో పేరుపడ్డ కాంక్వెస్ట్ పద్ధతిలో నాలుగు డెక్‌లు తెచ్చుకుంటారు, ఎదుటివాళ్ళు ఒకదాన్ని నిషేధిస్తారు, మిగిలిన మూడింటిలో ప్రతి దానితోనూ ఒక్కసారైనా గెలవాలి. ఒక్క గొప్ప డెక్ ఉంటే చాలదు. కార్డుల సేకరణ చిన్నగా ఉన్నవాళ్ళు ఇందులో చేరాక బాధపడటంకన్నా చేరకపోవడం మేలు.

డెక్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీ సొంత డెక్‌తో ఆడే పోటీల్లో ఓటమికి కారణం సగం మీ దగ్గర లేని కార్డులు కావచ్చు. డ్రాఫ్ట్‌లో ఆ సాకు ఉండదు. ఎనిమిది మంది కూర్చుని, ప్యాక్ తెరిచి, ఒక కార్డు తీసుకుని పక్కవాళ్ళకి అందించుకుంటూ డెక్ తయారు చేసుకుంటారు. అందరూ ఒకే చోట మొదలుపెడతారు. మ్యాజిక్ అరీనా క్విక్ డ్రాఫ్ట్‌లో పక్కన కూర్చుని కార్డులు ఏరేవి బాట్‌లు (కంప్యూటర్ ప్రోగ్రాములు), ప్రీమియర్‌లో మనుషులు. బాట్‌లైతే గడియారం తొందరపెట్టదు, ఒక్కో కార్డూ చదువుకుంటూ ఎంచుకోవచ్చు. అది నేర్చుకునేవాళ్ళకి బంగారం. సీల్డ్ అనే మరో పద్ధతిలో ఆరు ప్యాక్‌లు తెరిచి, వచ్చినవాటితోనే 40 కార్డుల డెక్ కట్టాలి. ఏరుకోవడం తెలియకపోయినా పర్వాలేదు, కానీ ప్యాక్‌ల్లో ఏం పడిందన్న అదృష్టం డ్రాఫ్ట్‌లోకన్నా ఎక్కువ.

ఇక్కడ తప్పక చూడాల్సిన మాట ఫాంటమ్. ఫాంటమ్ డ్రాఫ్ట్ అంటే ఎంచుకున్న కార్డులు పోటీ అయ్యాక మీకు మిగలవు. ఎంట్రీ తక్కువ ఉంటుంది. ఆట కోసమే ఆడేవాళ్ళకి చవక, సేకరణ పెంచుకోవాలనుకునేవాళ్ళకి వృథా. ఓడినా చేతిలో ఏదో ఒకటి మిగలాలి అనుకుంటే కార్డులు మీకే దక్కే డ్రాఫ్టే సరైనది.

ఆటగాళ్ళు నడిపే టోర్నమెంట్లు

అన్ని ఆటల్లోనూ టోర్నమెంట్లు ఆట లోపలే ఉండవు. పోకెమాన్ కార్డ్ గేమ్‌కి లిమిట్‌లెస్ లాంటి వేదికల మీద నిర్వాహకులు పోటీలు పెడతారు, ఆట మాత్రం అసలు యాప్‌లోనే. ఎక్కువగా స్విస్, ఆ పైన టాప్ కట్. చాలావాటికి ఎంట్రీ ఉచితం. అంటే ఓడితే పోయేది సమయం ఒక్కటే. నా లెక్కలో కొత్తవాళ్ళు ముందు వెతకాల్సింది వీటినే. ఎంట్రీ కట్టే పోటీలు తర్వాతైనా ఎక్కడికీ పోవు.

కానీ ఇక్కడ ఓడటానికి ఆటతో సంబంధం లేని దారులు చాలా ఉన్నాయి. మొదలయ్యే ముందు చెక్ ఇన్ చేయాలి, అంటే వచ్చానని నమోదు చేసుకోవాలి, మరిచిపోతే పేరు తీసేస్తారు. డెక్ లిస్ట్ ముందే ఇచ్చి, ఆ తర్వాత ఒక్క కార్డు మార్చినా అనర్హత రావచ్చు. ఎదుటి ఆటగాడిని మీరే ఫ్రెండ్‌గా చేర్చుకుని మ్యాచ్ మొదలుపెట్టాలి, ఫలితం మీరే నమోదు చేయాలి. గెలిచిన స్క్రీన్‌ని ఫొటో తీసి ఉంచుకోండి, ఎదుటివాళ్ళు వేరే మాట చెప్తే అదొక్కటే సాక్ష్యం. నేనైతే ఒకసారి ప్రకటనలోని సమయం వేరే టైమ్ జోన్‌దని చూసుకోక, రెండు రౌండ్లు అయ్యాక తీరిగ్గా వచ్చి తలుపు తట్టాను.

గడియారం సంగతి కూడా చూడండి. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో చదరంగంలోలా ఒక్కొక్కరికీ మ్యాచ్ మొత్తానికి 25 నిమిషాలు. మీ సమయం అయిపోతే మీరు గెలిచే స్థితిలో ఉన్నా ఓడినట్టే. నెమ్మదిగా గొంతు నొక్కే కంట్రోల్ డెక్ ఇష్టమైనవాళ్ళు దాన్ని ముందు ఉచిత మ్యాచ్‌లలో వేగంగా ఆడటం సాధన చేయాలి. ఇంటర్నెట్ మధ్యలో తెగినా ఈ గడియారం ఆగదు. నెట్ నమ్మకంగా లేని రోజున నాకౌట్‌లో చేరకండి, లీగ్‌లో ఒక మ్యాచ్ ఆడుకోండి.

ఇక ఎవరు దేన్లో చేరాలి? ఆట నేర్చుకుని నెల కూడా కాకపోతే ఉచిత స్విస్, లేదా గోల్డ్‌తో బాట్‌ల డ్రాఫ్ట్. ఒకే డెక్‌ని నెలలుగా ఆడి దాని మూలమూలా తెలిసినవాళ్ళు మూడాటల స్విస్‌కి వెళ్ళాలి, సైడ్‌బోర్డ్ మీద పెట్టిన శ్రమ అక్కడే ఫలిస్తుంది. రోజుకి గంటే దొరికేవాళ్ళకి లీగ్, లేదా మూడు ఓటముల పద్ధతి, అది కూడా మీ గెలుపు శాతం 55 దాటిందని పాత మ్యాచ్‌ల లెక్క చెప్తేనే. ఆ లెక్క జ్ఞాపకం మీద వేయకండి, రాసుకోండి. మనకి గుర్తుండేవి గెలుపులే. నాకౌట్ మాత్రం పోయినా పట్టించుకోనంత గోల్డ్ ఉన్న రోజుకి ఉంచుకోండి.

స్విస్‌లో రెండు ఓడి టాప్ కట్ ఆశ పోయినప్పుడు ఉండాలా, వెళ్ళాలా అని చాలామంది అడుగుతారు. బహుమతి గెలుపుల లెక్కన ఇస్తుంటే ఉండండి. లేకపోయినా డెక్ గురించి తెలుసుకోవాల్సింది మిగిలి ఉంటే ఉండండి. వెళ్ళిపోవాలనుకుంటే మాత్రం డ్రాప్ బటన్ నొక్కి వెళ్ళండి. నొక్కకుండా మాయమైతే తర్వాతి రౌండ్‌లో మీకోసం ఇంకెవరో పది నిమిషాలు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.